ప్లగ్గు పీకిన జెరెమియా మనవరాలు

"ఆపండి! ఇంక ఒక్క ముక్క మాట్లాడినా ఊరుకోను!"

గిటారు తీగల మీద వేణుమాధవ్ చెయ్యి ఆగిపోయింది. చిలకలగూడలోని ఆ మూడంతస్తుల ఇంటి మేడ మీద చాపలేసుకుని కూర్చున్న జనమంతా ఒకేసారి వెనక్కి తిరిగారు.

మెట్ల దగ్గర ఒక అమ్మాయి. ఆకుపచ్చ కుర్తా, ఊడిపోతున్న జడ, మూడంతస్తులెక్కిన ఆయాసం, దానికి మించిన కోపం. చేతిలో చెప్పులు.

చెప్పులు కొట్టడానికి తెచ్చినవి కావు. వేణు తల్లి పుష్పమ్మ ఆ మేడ మీద వడియాలు ఎండబెడుతుంది, ఓ మూల తులసికోట కూడా ఉంది. అందుకని ఎంతటివాళ్ళొచ్చినా మెట్ల మొదట్లోనే చెప్పులు విప్పిస్తుంది. ఈ పిల్ల విప్పింది కానీ కింద వదలడం మరిచిపోయింది. ఆ మాట చూసేవాళ్ళకెట్లా తెలుస్తుంది? ముందు వరసలో ఇద్దరు పక్కకి జరిగారు.

వేణు పని ఏ.ఎస్. రావు నగర్‌లో పిల్లలకి గిటారు నేర్పడం. సరదా మాత్రం ఇది. నెలకో ఆదివారం సాయంత్రం 'మేడమీద రాక్' పేరుతో రాక్, పాప్ చరిత్రలోంచి ఒక ఘట్టం కథలా చెప్పి, నాలుగు ముక్కలు వాయించి, అదంతా ఫోనులో లైవ్‌గా పెడతాడు. బీటిల్స్ వాళ్ళు లండన్‌లో తమ ఆఫీసు మేడ మీద వాయిస్తే పోలీసులొచ్చారని మొదటి నెల చెప్పాడు. అప్పట్నుంచి తన మేడ మీదికి కూడా పోలీసులు రాకపోతారా అని ఎదురుచూస్తున్నాడు. ఇన్నాళ్ళకి ఈ పిల్ల వచ్చింది.

ఆ రోజు ఘట్టం అరవై ఐదు నాటిది. అమెరికాలో జానపద పాటల పండగ. బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటారుతో స్టేజీ ఎక్కాడు. జనం గోల చేశారు. పీట్ సీగర్ అనే పెద్దమనిషి, గొడ్డలి ఉంటే ఈ వైరు నరికేద్దును అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడితో ఆగితే ఏ గొడవా లేకపోను. మనవాడు గొంతు తగ్గించి ఇంకో కథ ఎత్తుకున్నాడు.

"మన సికింద్రాబాద్‌ల సుత ఒక గొడ్డలి తాత ఉన్నడు. డెబ్బై నాలుగు, క్రిస్మస్. మారేడ్‌పల్లిల ఒక చర్చి. రైల్వే పోరగాళ్ళ బ్యాండు, పేరు 'లెవెల్ క్రాసింగ్స్'. ఆ చర్చిల ఫస్ట్ టైం ఎలక్ట్రిక్ గిటారు. సింగర్ రిచర్డ్ మైకు దగ్గరికి వస్తున్నడు... చర్చి పాటలు నేర్పే క్వయర్ మాస్టర్ జెరెమియా ఉరికొచ్చి ప్లగ్గు పీకిండు! బ్యాండు ఖతం. మన ఊరి రాక్ సుత ఆడికే ఖతం."

అందరూ నవ్వారు. అరుపు వినబడింది అప్పుడే.

"ఎవరండీ మీరు?" అన్నాడు వేణు.

"మీ గొడ్డలి తాత మనవరాల్ని. హదస్సా. మారేడ్‌పల్లిల ఫిజిక్స్ టీచర్ని. మీ పోస్టర్ల మా తాత పేరు చూసి ఉరికొచ్చిన. ఇంకేమన్న కావాల్నా?"

"అంటే... మీ తాత ప్లగ్గు పీకలేదా?"

"పీకిండు."

"మరి నేను చెప్పిన అబద్ధమేంది?"

"సగం చెప్పుడు అబద్ధం కాదా? సీగర్ తర్వాత ఏమన్నడో ఎందుకు చెప్పలే? కోపం కరెంటు గిటారు మీద కాదు, సౌండు పగిలిపోయి పాటల మాటలు వినపడతలేవని కోపమొచ్చిందని ఆయనే చెప్పిండు. అది మీకు తెల్వదా?"

వేణుకి తెలుసు. చెబితే కథలో పస పోతుందని వదిలేశాడు. తప్పు పట్టుబడినవాడికి వచ్చే కోపం మామూలు కోపం కంటే ఎక్కువ కదా, అదే వచ్చింది.

"సరే, మీ తాత ఎందుకు పీకిండో మీరే చెప్పుండ్రి! మైకు ఇస్త, రాండ్రి!"

హదస్సా మైకు వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది.

ఎందుకంటే ఆమెకి తెలియదు. పుట్టి పెరిగిందా ఇంట్లోనే అయినా ఆ మాట ఎప్పుడూ అడగలేదు. ఆ క్రిస్మస్ ఊసెత్తితే చాలు, జెరెమియా లేచి గదిలోకెళ్ళి తలుపేసుకుంటాడు. అడిగితే "అవును, ఒళ్ళు మండి పీకాను" అంటాడేమోనని ఆమె భయం. ప్రాణంగా చూసుకునే తాతయ్య ఒక పాట గొంతు నులిమాడంటే తట్టుకోలేదు.

"ఆయన అట్లాంటి మనిషి కాదు," అంది చివరికి. అది జవాబు కాదని తనకే తెలుసు. అందుకే ఇంకా కోపమొచ్చింది. చెప్పులు అట్లాగే చేతబట్టుకుని దడదడా మెట్లు దిగిపోయింది.

పుష్పమ్మ కొడుకు వైపు చూసింది. "ఎవల్రా ఆ పిల్ల? మస్తు కోపమున్నది. బంగారమసుంటి పిల్ల."

"అమ్మా!"

---

కథ అక్కడితో ఆగలేదు. వేణు ఆ రాత్రే వీడియో తీసేశాడు కానీ, అప్పటికే అది ఫోన్లన్నీ తిరిగేసింది. జెరెమియా ఫోటోకి గొడ్డలి తగిలించి 'ప్లగ్గు తాత' అని స్టిక్కర్లు కూడా చేశారు పనీపాటా లేనివాళ్ళు.

నాలుగు రోజులకి హదస్సా నేరుగా ఏ.ఎస్. రావు నగర్‌లోని గిటారు క్లాసుకే వచ్చింది. బయట వాన దంచికొడుతోంది. గొడుగు లేదు. గుమ్మంలోనే నిలబడింది, ఒంటిమీది నీళ్ళన్నీ గచ్చు మీద కారుతున్నాయి.

"సంతోషమేనా?"

"ఏమైంది?" వేణు లేచి నిలబడ్డాడు. తడిసిన ముఖంలో ఆ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చి వచ్చిందా, కోపమా అర్థం కాలేదు. ఏదైనా సరే, వాటి వైపు చూడకుండా ఉండడం అతని వల్ల కాలేదు.

"మా చర్చికి వచ్చే నెల నూరేండ్లు. ఆ రోజు క్వయర్ నడిపించేది మా తాతయ్య. డెబ్బై తొమ్మిదేండ్లు ఆయనకి. జనవరి నుంచి మాతోని ప్రాక్టీసు చేయిస్తున్నడు. నిన్న కమిటీవాళ్ళు ఇంటికొచ్చిన్రు. నీ వీడియో చూసి యూత్ ఒప్పుకుంటలేరట. 'మీరు ముందు వరసల కూసోండి సార్, శాలువా కప్పుతం' అన్నరు. శాలువా!"

ఆ మాట ఆమె నోట్లో బూతులా వినిపించింది.

"కమిటీ ఛైర్మన్ ఎవరో తెల్సా? రిచర్డ్ అంకుల్. నీ హీరో. ఆనాటి నుంచి ఇద్దరూ ఒకే గల్లీల ఉంటూ ఒక్క మాట మాట్లాడుకోలే. తాతయ్య శ్రుతి చూసే ట్యూనింగ్ ఫోర్కు డ్రాయర్ల పడేసి తాళమేసిండు. పొద్దున్నుంచి అన్నం తినలే."

వేణు ఫోను తీసి చూపించబోయాడు. "నేను... వీడియో తీసేసిన."

"తీసేస్తే? పేల్చినంక తుపాకి కడిగి పెట్టినట్టు!"

"నా మీద అరుస్తున్నవ్ సరే. నువ్వు ఒక్కసారన్న ఆయన్ని అడిగినవా, ఎందుకు పీకినవ్ అని?"

"అది నీకెందుకు?"

"అడగలే. నీకు భయం. నిజంగనే గొడ్డలి తాత అయితే ఎట్లా అని భయం!"

ఆమె అతని వైపు చూసిన చూపుకి, గోడకి తగిలించిన గిటార్లు వాటంతటవే శ్రుతి తప్పాల్సింది. కానీ అతను చెప్పింది నిజం. నిజం చెప్పినవాణ్ణి క్షమించడం అన్నిటికన్నా కష్టం. గిర్రున తిరిగి వానలోకి దిగింది.

వేణు గొడుగు తీసుకుని వెంటపడ్డాడు. "గొడుగు పట్టుకో!"

"అవసరం లే!"

"జెర పట్టుకో, జ్వరమొస్తది!"

"వస్తే నాకొస్తది!"

ఆమె పట్టుకోనంది. ఆమె తడుస్తుంటే తనొక్కడే గొడుగేసుకోవడం బాగుండదని అతనూ విప్పలేదు. బస్టాపు దాకా ముడిచిన గొడుగు మోస్తూ ఇద్దరూ నిలువునా తడిశారు. దారిన పోయేవాళ్ళు చూసి నవ్వుకున్నారు. బస్సెక్కబోతూ ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"గొడుగు ఉండి తడుసుడేంది? పాగల్‌వా?"

అది తిట్టే. కానీ ఆ రాత్రి వేణుకి నిద్ర పట్టలేదు. తన మీద తనకి కోపం, రిచర్డ్ మీద కోపం, ఆ పిల్ల మీద మరీ కోపం. ఒక మనిషి మీద ఇంత కోపమొస్తూ, మళ్ళీ ఎప్పుడు కనబడుతుందా అని ఎదురుచూడడం ఏమిటో అతనికి అంతుపట్టలేదు.

---

మరుసటి ఆదివారమే ఇంకో షో పెట్టాడు. రిచర్డ్‌ని పిలిచాడు. ఆయన నోటితోనే అసలు సంగతి అందరి ముందూ చెప్పిస్తే తన తప్పు కొంతైనా దిద్దుకోవచ్చని అతని లెక్క. హదస్సాకి మెసేజ్ పెడితే, "వస్తా. ఆ మైకులోనే ఇద్దరి సంగతి చెప్తా," అని జవాబు వచ్చింది.

మధ్యాహ్నం వాన పడి వెలిసింది. మేడంతా తడి. చాపలు ఎత్తేసి కుర్చీలు వేశారు. పుష్పమ్మ నియమం మాత్రం మారలేదు. రిచర్డ్ కూడా, ఆ వయసులో, తోలు జాకెట్టు తొడుక్కుని, బూట్లు విప్పి ఉత్తకాళ్ళతో ఎక్కాడు.

"ఏం చెప్పమంటవ్ యంగ్ మ్యాన్," అన్నాడు రిచర్డ్ కుర్చీలో కూర్చుని. "ఐ వజ్ ట్వంటీ టూ. అది నా లైఫ్‌ల బిగ్ మూమెంట్. ఆయన ప్లగ్గు పీకిండు. అందరి ముందట నేను 'యూ డెవిల్' అన్న. ఆయన ఒక్క మాట మాట్లాడలే. తప్పు చేసినోడు ఏం మాట్లాడుతడు?"

"మీరు ఎందుకని అడగలేదా సార్?"

"అడిగేదేముంది? కనపడుతున్నది గదా!"

కుర్రాళ్ళు ఆనాటి పాట ఒకటి పాడమని గోల పెట్టారు. రిచర్డ్ లేచి జుట్టు సర్దుకున్నాడు. వేణు మైకూ గిటారూ రెండూ తగిలించిన యాంప్లిఫయర్ ఆన్ చేసి, ప్లాస్టిక్ కుర్చీలో బాసింపట్టు వేసుకుని గిటారు హోరు మొదలుపెట్టాడు.

హదస్సా అప్పుడే మేడ ఎక్కింది. ఈసారి చెప్పులు కిందే వదిలి వచ్చింది. నేరుగా మైకు వైపు నడిచింది. రిచర్డ్ కంటే ముందు దాన్ని లాక్కుని అనాల్సినవన్నీ అనేయాలని దారంతా కూడబలుక్కుంది. స్టాండు మీద చెయ్యి వేసింది.

చెయ్యి జివ్వుమంది. మోచేతి దాకా చీమలు పాకినట్టయింది.

చటుక్కున వెనక్కి తీసుకుంది. కింద తడి గచ్చు. తన కాళ్ళు, రిచర్డ్ కాళ్ళు, అందరివీ ఉత్తవే. యాంప్లిఫయర్ వైరు వెంట ఆమె కళ్ళు పరిగెత్తాయి. గోడ పక్కన పాత స్విచ్చుబోర్డు, దానికి రెండే బొక్కలు. మూడు పిన్నుల ప్లగ్గు అందులో పట్టదని లావు పిన్ను ఎవరో విరగ్గొట్టేశారు. మన ఇళ్ళలో అందరూ చేసే పనే. లీకైన కరెంటు మనిషిలోకి పోకుండా భూమిలోకి దింపేది ఆ లావు పిన్నేనని పదో తరగతి పిల్లలకి ఆమె ఏటా చెబుతుంది.

"ఆపండి!" అని అరిచింది. గిటారు హోరులో ఎవరికీ వినబడలేదు. రిచర్డ్ కళ్ళు మూసుకుని, ఇనప మైకుకి మూతి ఆనించబోతున్నాడు.

ఒక్క దూకు దూకి ప్లగ్గు పీకేసింది.

మేడ మీద ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ వెంటనే గగ్గోలు.

"వాట్ నాన్సెన్స్!" రిచర్డ్ మొహం కందగడ్డలా అయింది. "తాతకు తగ్గ మనవరాలు! మొత్తం ఖాందాన్‌కే ఈ రోగముంది!"

"ఎల్లగొట్టుండ్రి ఆమెను!" వెనక నుంచి ఎవడో అరిచాడు. ఇంకెవడో ఈల వేశాడు. అందరూ ఫోన్లు పైకెత్తారు.

హదస్సా చేతిలో ప్లగ్గుతో నిలబడిపోయింది. చెప్పాలి. రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కానీ ప్రాణం కాపాడిన చేతిని చూసి ఈలలు వేస్తున్న వీళ్ళకి చెప్పడమా? ఒళ్ళంతా మండిపోయింది. మండి, నోరు మూసుకుపోయింది. సరిగ్గా అప్పుడు, చేతిలో ప్లగ్గు చూసుకుంటుంటే, తాతయ్య మూసుకునే గది తలుపు ఆమె కళ్ళ ముందు మెదిలింది.

ఇదేనా తాతయ్యా? ఇట్లాగేనా?

కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎందుకు పీకినవ్?"

అది వేణు. గిటారు తీసి కింద పెట్టేసి, కోపంతో ఊగిపోతూ ఎదురుగా నిలబడ్డాడు. "నీ కోసమే ఈ షో పెట్టిన! ఎందుకు పీకినవ్, చెప్పు!"

హదస్సా తలెత్తి అతని వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ మేడ మీద అంతమందిలో అడిగినవాడు ఇతనొక్కడే. తిడుతూనే అడిగాడు, అయినా అడిగాడు.

"ఆంటీ," అంది మెల్లగా, "టెస్టర్ ఉందా?"

పుష్పమ్మ వంటింట్లో గరిటెల డబ్బాలో ఉండే టెస్టర్ పట్టుకొచ్చింది. రబ్బరు చెప్పులు కూడా తెప్పించి వేసుకుని, హదస్సా మళ్ళీ ప్లగ్గు పెట్టింది. టెస్టర్ మొన మైకుకి ఆనించింది.

టెస్టర్ లోపలి బుడ్డి దీపం ఎర్రగా వెలిగింది.

ఈలలు వేసినవాడు ఫోను దించాడు. రిచర్డ్ ఆ ఎర్రటి వెలుగు వైపు చూస్తూ, వెనక కుర్చీ ఉందో లేదో చూసుకోకుండానే కూలబడ్డాడు.

హదస్సా స్విచ్చు ఆపేసి వేణు మీద పడింది. "ఎవరు విరగ్గొట్టిన్రు ఆ పిన్ను?"

"నేనే. బోర్డుల పట్టలేదని..."

"ఎర్త్ లేని మైకు పట్టుకుని బ్రిటన్‌ల ఒక గిటారిస్టు స్టేజీ మీదనే చచ్చిపోయిండని కథ చెప్పి ఏడిపించింది నువ్వే గదా, మార్చిల! అందరు కండ్లు తుడుచుకున్నరు, నువ్వు సుత తుడుచుకున్నవ్! మళ్ళ ఇంటికొచ్చి పిన్ను విరగ్గొట్టినవా? నీకు చరిత్ర అంటే వీడియోలేనా? నీకేమన్న అయితే... మీ అమ్మ ఏం గావాలె? నే..."

అక్కడ ఆగింది. 'నేనేం గావాలె' అనబోయిందని ఆమెకీ తెలిసింది, అతనికీ తెలిసింది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడలేదు.

రిచర్డ్ గొంతు చాలా దూరం నుంచి వచ్చినట్టు వినబడింది. "ఆ రోజు సుత నేల తడే. ఆరాధనకు ముందట తుడిచిన్రు. చర్చిల చెప్పులుండవు గదా... బ్యాండు మొత్తం ఉత్తకాళ్ళే. ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్గు బొక్కలల్ల పెట్టి, ఊడిపోకుంట అగ్గిపుల్లలు కుచ్చినం." ఆయన లేచాడు. "పదుండ్రి. బూట్లు అక్కర్లే."

---

మారేడ్‌పల్లిలో జెరెమియా వరండాలో వాలుకుర్చీలో కూర్చుని ఉన్నాడు. తండ్రి రైల్వే ఉద్యోగానికని బాపట్ల నుంచి వచ్చినవాడు. ఇన్నేళ్ళయినా ఇంట్లో ఆ యాస పోలేదు. గేటు తీసుకుని వస్తున్న రిచర్డ్‌ని చూసి లేచి లోపలికి వెళ్ళబోయాడు.

"తాతయ్యా, ఆగు," హదస్సా దారికి అడ్డం నిలబడింది. కానీ ఆపైన అడగలేక వేణు వైపు చూసింది.

వేణు ముందుకొచ్చాడు. "సార్, మీ మీద వీడియో చేసింది నేనే. ఒక్క మాట అడగాలె. ఆ రోజు ప్లగ్గు ఎందుకు పీకిన్రు?"

జెరెమియా అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఇప్పుడా? ఇప్పుడడుగుతావా? యాభై ఏళ్ళు! ఒక్కడంటే ఒక్కడు అడగలేదయ్యా! మైకు స్టాండు జరుపుదామని ముట్టుకుంటే చెయ్యి ఝల్లుమంది. ఈ మొద్దు పాటగాడు మూతి పెట్టబోతున్నాడు. కేకేస్తే వినబడి చావదు. పీకాను! పీకితే, పిల్లలూ పెద్దలూ ఉన్న చోట నన్ను దయ్యం అన్నాడు!"

"అప్పుడే చెప్పొచ్చు గదా జెరెమియా?" మెట్ల దగ్గరే ఆగి అడిగాడు రిచర్డ్.

"ఎందుకు చెప్పాలి? నువ్వు నా స్నేహితుడివి! అడుగుతావని చూశాను. మర్నాడు చూశాను. ఈస్టర్ దాకా చూశాను. ఆ తర్వాత చూడ్డం మానేశాను."

హదస్సా తాతయ్య చెయ్యి పట్టుకుంది. "నేను సుత అడగలే తాతయ్యా."

"నువ్వూ అడగలేదు," అన్నాడాయన. అందరికంటే ఆ మాటే ఆమెకి ఎక్కువ తగిలింది. అంటూనే ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు.

రిచర్డ్ మెట్టు మీద కూర్చుని, తోలు జాకెట్టు చేతిలో మొహం దాచుకుని ఏడ్చాడు. జెరెమియా కాసేపు చూసి విసుక్కున్నాడు. "ఏడవకు. అప్పుడూ శ్రుతిలో లేవు, ఇప్పుడూ లేవు."

"క్వయర్ నువ్వే నడిపించాలె. శాలువా లేదు, ఏం లేదు. రేపే కమిటీకి చెప్త."

"నడిపిస్తాను. నువ్వు వెనక వరసలో నిలబడి పాడతావు. ఉత్తకాళ్ళతోనే." ఆయన వేణు వైపు తిరిగాడు. లోపలికెళ్ళి, డ్రాయరు తాళం తీసి, ట్యూనింగ్ ఫోర్కు తెచ్చి, మోకాలికి టంగున కొట్టి అతని చెవి దగ్గర పెట్టాడు. "ఈ స్వరం పట్టు."

వేణు పట్టాడు.

"ఫరవాలేదు. బేస్‌లో, అంటే మంద్రంలో, మగ గొంతులు తక్కువగా ఉన్నాయి. శనివారం ప్రాక్టీసుకి రా. నీ వీడియోలో ఈ రెండో సగం కూడా చెప్పు. ఆలస్యంగా వస్తే నిన్నూ పీకేస్తాను."

చినుకులు మళ్ళీ మొదలయ్యాయి. హదస్సా అతన్ని గేటు దాకా సాగనంపింది. ఈసారి గొడుగు ఆమె తెచ్చింది. విప్పి ఇద్దరి మీదా పట్టింది, ఎక్కువ భాగం తన వైపే.

"హదస్సా, నీకొకటి చెప్పాలె."

"చెప్పకు," అంది ఆమె కోపంగానే. "ఇంతమంది చెప్పుడు విన్నం. అడుగు."

వేణు గొంతు సవరించుకుని, అడిగాడు.

ఆమె గొడుగు అతని వైపు జరిపింది. "అడగనీకి ఇన్ని దినాలా?"